బోరన్న ఇచ్చిన ఇయర్‌ఫోన్

తాడు చుట్టేదంటే ఆంజనప్పే చుట్టాల. బలసముద్రంలో ఎవురినడిగినా ఈ మాటే చెప్తారు. ఎద్దుల పలుపు కానీ, బండి మోకు కానీ, నాటకం తెరకు కట్టే తాడు కానీ, ఆయప్ప చేతిలో పడితే మోచేతికీ బొటనవేలికీ నడుమ చకచకా చుట్టి, నడిమధ్యన మెలికలేసి బిగదీసి, కొసను లోపలికి దోపి గట్టిగా ఒక లాగు లాగుతాడు. ఆ చుట్ట ఏడాది పొద్దు కొయ్యకు వేలాడినా సడలేది కాదు. వదులుగా చుట్టిన తాడు కనపడిందంటే ఆ ఇంటి మగోడు సోమరిపోతని వాళ్ల నాయన చిన్నప్పుడే చెవిలో ఊదినాడు. ఊదింది ఎడమచెవిలో లెండి. కుడిచెవి ఆయప్పకు పసితనంలోనే చీము కారి కారి మూగబోయింది.

ఇప్పుడు ఎద్దులూ లేవు, బండీ లేదు. శెనక్కాయ పండే చేనును సోలార్ వాళ్లకు కౌలుకిచ్చి, అదే చేన్లో ప్యానళ్ల నడుమ పొద్దుగూకేదాకా కాపలా తిరుగుతాడు. తన చేనుకు తానే కాపలా, దానికొక టోపీ, ఒక ఈల. ఊర్లో ఎగతాళి చేస్తే తనూ నగుతాడు. చుట్టేదానికి మిగిలిన తాడల్లా ఏడాదికొకసారి నాటకం తెరతాడు ఒకటే.

బలసముద్రం వాళ్లకు నాటకమంటే ప్రాణం. వానలు మొదలయ్యేలోపల ఊరోళ్లే వేషాలు కట్టి, వై.ఎన్.హొసకోట నుంచి హార్మోనియం మేష్ట్రును పిలిపించుకొని, నెలల తరబడి తాలీము చేసి ఆడతారు. అందులో రాజు వేషం బోరన్నది. ఆయప్ప పద్యమెత్తుకుంటే పక్కూరి కుక్కలు గూడా మొరిగేది మాని వింటాయని చెప్పుకుంటారు. తెర లాగేది ఆంజనప్ప. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఆశపడి, నాకూ రాజు వేషం నేర్పించు సామీ అని అప్పటి ముసలి మేష్ట్రును అడిగినాడు. ఒంటిచెవోనికి శ్రుతి యాడ తెలుస్తాదప్పా అని ఆ ముసలాయన అందరి ముందరే అనేసినాడు. ఆపొద్దు తలకాయ తీసేసినట్లయింది ఆంజనప్పకు. నేరుగా పోయి తెరతాడు పట్టుకున్నాడు. మళ్లీ ఎవురినీ అడగలేదు. అట్లని ఆశ చచ్చిందా అంటే, చావలేదు. తెర వెనక నిలబడి బోరన్న పాడిన ప్రతి పద్యానికీ పెదాలు ఆడించుకుంటానే ఉండాడు.

పోయిన కార్తీకంలో బోరన్న గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో కోసి తీసేసినారు. మనిషి నిలబడినాడు, గొంతు నిలబడలేదు. మాట్లాడితే తాటాకు గాలికి రాసుకున్నట్టు గుసగుస ఒకటే వస్తాది. తాలీము మొదలుపెట్టేటప్పుడు మేష్ట్రు గురురాజ్ రాజు వేషం ఎవురికని అడిగితే, తెర వెనక ఆ పెదాలు ఆడేది ఇన్నేండ్లూ గమనించిన బోరన్న లేచి ఆంజనప్ప దిక్కు చెయ్యి చూపించినాడు. మేష్ట్రుకు మనసు ఒప్పలేదు. చిన్న చిన్న వేషాలు కట్టే పడుచోడు కాటప్పకు గొంతుండాది, వయసుండాది, రెండు చెవులుండాయి. అయినా బోరన్న మాట తీసెయ్యలేక ఒక దారి చెప్పినాడు. వచ్చే ఆదివారం విడిచిపెట్టి ఆ పై ఆదివారం ఆంజనప్ప మూడు పద్యాలు శ్రుతి తప్పకుండా పాడల్ల. పాడితే వేషం ఆయప్పది, లేకుంటే కాటప్పది. కాటప్ప పెద్దరికంగా సరేనన్నాడు. అన్న మరుసటి రోజు నుంచే మీసం పెంచేకి మొదలుపెట్టినాడు.

ఆంజనప్పకు నిద్ర పట్టలేదు. సంతోషానికో భయానికో ఆయప్పకే తెలీలేదు. నాటకం పుస్తకంలో తెలుగు పద్యాలు కన్నడ అక్షరాల్లో రాసిపెట్టుకోనుంటారు, ఈ పక్కంతా కర్ణాటక, చదివేది కన్నడ బడి కాబట్టి. ఆంజనప్ప ఏ బడికీ పోలేదు. ఆయప్పకు వచ్చేది చెవి గుండానే రావాల. పోయినేడు నాటకంలో బోరన్న పాడిన పద్యాలు ఎవురో ఫోన్లో పట్టుకోనుంటే, వాటిని తన ఫోన్లోకి వేయించుకున్నాడు. కానీ ఫోను బయటికి పెడితే తబలా, పిల్లోళ్ల ఏడుపు, మైకు కూత, అన్నీ కలిసి ఒంటిచెవిలో కుప్ప పోసినట్టు పడతాయి. పద్యం యాడుండాదో వెదుక్కోవాల. పైగా కాటప్ప అదే సోలార్ ప్లాంటులో గడ్డి కోసే పనికొస్తాడు. వాని ముందర తప్పులు పాడుకుంటా తిరిగేదెట్ల?

అందుకని పావగడ బస్టాండు ఎదురుగా భరత్‌కుమార్ అంగట్లో చెవుల్లో దోపుకునే చౌకరకం ఇయర్‌ఫోన్ ఒకటి కొన్నాడు. దాంట్లో బరబరమని మోతే ఎక్కువ, పద్యం అరాకొరా వినపడేది. పని ముగిసినాక దాన్ని ఫోను చుట్టూ బిగదీసి చుట్టి, చివర తన మెలికేసి, కొస లోపలికి దోపి, ఒక లాగు లాగినాడు. నాలుగు పొద్దులు తిరక్కుండానే ఎడమది మూగబోయింది. కుడిది ఖణేల్‌మని మోగతాండాది, ఆయప్పకు అదెందుకు? రెండోది కొన్నాడు. అదీ అట్లే పోయింది. మూడోదాన్ని ఇంకా గట్టిగా చుట్టినాడు, వదులైతేనే పాడైతాంది కాబోలనుకొని. అది రెండు రోజులు గూడా నిలవలేదు. ఎడమదే పోతాది, ప్రతిసారీ ఎడమదే. దేవుడు ఎడమ దిక్కే పగబట్టినాడని ఆంజనప్ప నమ్మకం.

నాలుగోది కొననీకి పోతే భరత్‌కుమార్ ఇయ్యనన్నాడు. ఆ అంగడి వాళ్ల తాత కాలం నుంచి వీళ్లింటికి పరిచయం, అందుకే మొగమాటం లేకుండా మాట్లాడతాడు. పాతదాన్ని చేతిలోకి తీసుకొని, పిన్ను పక్కన వైరు నలిగిన చోటు గోటితో చూపించినాడు. లోపల తలవెంట్రుక కంటే సన్నని రాగి పోగులుంటాయంట. బిగించి చుట్టి మెడకాడ విరిస్తే పైన రబ్బరు బాగుంటాది, లోపల పోగు తెగిపోతాది. నువ్వెట్ల చుడతావు ఆంజనప్పా, ఒకసారి చుట్టి చూపించు అన్నాడు. ఆంజనప్ప గర్వంగా చుట్టి చూపించినాడు. భరత్‌కుమార్ తల పట్టుకున్నాడు. ఎద్దును కట్టేస్తాండావా, పద్యాన్ని కట్టేస్తాండావా అని నగినాడు. ఆంజనప్పకు రోషమొచ్చి గిరుక్కున తిరిగి బస్సెక్కేసినాడు.

ఈ కత ఊరంతా పాకింది. సందకాడ బోరన్న పిలిపించినాడు. జేబులోనుంచి తన ఇయర్‌ఫోన్ తీసి ఆంజనప్ప చేతిలో పెట్టినాడు. నల్లగా, మెత్తగా, పిల్లపాము మాదిరి ఉండాది. ఆపరేషన్ అయినంక కూతురు భూమిక బెంగళూరు నుంచి తెచ్చిచ్చింది. దాన్ని బోరన్న ఇంట్లో మనవళ్లను గూడా ముట్టనియ్యడు. అట్లాంటిది, తాలీము అయ్యేదాకా పెట్టుకోమని ఇచ్చినాడు. ఆంజనప్ప చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మూడింటిని మింగినోన్ని నేను, నాకియ్యద్దన్నా అని బతిమాలినాడు. బోరన్న వినలేదు. ఎడమదాన్ని తనే ఆయప్ప చెవిలో దోపి, ఫోన్లో పద్యం పెట్టినాడు.

అంతే, ఆంజనప్ప కండ్లు పెద్దవైనాయి. తబలా ఎనక్కి పోయింది, పిల్లోళ్లు ఎనక్కి పోయినారు, బోరన్న గొంతొక్కటే చెవిలోకొచ్చి నిలబడింది. పాదం ఎత్తుకొనే ముందర ఊపిరి పీల్చేది గూడా వినపడతాండాది. ఇన్నేండ్లు తెర వెనక నిలబడినా ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు. ఎదురుగా కూచున్న మనిషికేమో గొంతు లేదు. ఆంజనప్ప తల వంచుకొని కండ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి పెండ్లాము ముందర దాన్ని పెట్టి, ఇది తెగితే నేను ఊర్లో తల ఎత్తుకొని తిరగలేనే అన్నాడు. హనుమక్క అప్పుడు పెరట్లో కోసిన కనకాంబరాలు మాల కడతా కూచోనుంది. మొగుని అవస్థ అంతా విని, పూలచేతులు తుడుచుకొని, ఆ వైరును తీసుకుంది. రెండు వేళ్లు ఎడంగా పెట్టి, మాలను చుట్టినట్టు, వేళ్ల మీద మెల్లగా వరస వరసగా పరిచింది. బిగించలేదు, మెలిక పెట్టలేదు. వేళ్లు తీసేస్తే చుట్ట అట్లే నిలబడింది. చెవుల్లో పెట్టుకునేవి పైనకీ, పిన్ను పక్కకీ వచ్చేటట్టు సర్ది, మొకానికి రాసుకునే స్నో అయిపోయిన గుండ్రటి డబ్బాలో పెట్టి మూత పెట్టింది. తీసేటప్పుడు వైరు పట్టుకొని పీకద్దు, పిన్ను తల పట్టుకో. చెవిలోనుంచి తీసినా అంతే, గుండు పట్టుకో అని చిన్నపిల్లోనికి చెప్పినట్టు చెప్పింది.

"ఇంత వదులుగానా?" అన్నాడు ఆంజనప్ప. ఆయప్పకు చూస్తాంటేనే చేతులు దురద పెడతాండాయి.

"తాట్లో తాడే ఉంటాది. దీంట్లో మనిషి గొంతుండాది. బిగిస్తే ఊపిరాడతాదా?" అంది హనుమక్క.

ఆ మాట ఆంజనప్పకు గట్టిగా తగులుకుంది. ఎంత గట్టిగా అంటే, కావాల్సిన దానికంటే రోంత ఎక్కువే తగులుకుంది. పొద్దున్నే పనికి పోతా డబ్బా జేబులో వేసుకోబోయి ఆగినాడు. ప్యానళ్ల కింద ఇనుప కమ్ములుంటాయి, వైరు తగులుకుంటే? గాలికి లేసి గడ్డి కోసే మిషన్లో పడితే? కాటప్ప ఒకసారి చూస్తానని లాగితే? డబ్బాను తీసుకుపోయి దేవుని గూట్లో పెట్టినాడు. సందకాడ వచ్చి విందాములే అనుకున్నాడు. సందకాడ చేతులకు దుమ్ముండాదని తియ్యలేదు. మరుసటి పొద్దు చెమటుండాదని తియ్యలేదు. చెమట చెవిలోకి పోతే గుండు పాడైతాదని భరత్‌కుమార్ అన్నట్టు గుర్తు, అనలేదేమో గూడా. మొత్తానికి బోరన్న ఇంటికాడ విన్న ఆ ఒక్క పద్యాన్నే నెమరేసుకుంటా, మిగిలిన రెండూ తెర వెనక యానాడో, పాడైన వైర్లలో అరాకొరా విన్న గుర్తుతో ఏదో ఒకటి కలుపుకుంటా, ప్యానళ్ల నడుమ పాడుకుంటా తిరిగినాడు. బాగానే వస్తాందనుకున్నాడు. ఒంటరిగా పాడుకునేవానికి ఎప్పుడూ బాగానే వస్తాది.

ఇంటికి రాగానే మాత్రం డబ్బా మూత తీసి చూస్తాడు. చుట్ట చెక్కు చెదర్లేదు. మళ్లీ మూత పెడతాడు. చూస్తివా, ఎంత భద్రంగా పెట్టినానో అని హనుమక్కతో అంటాడు. హనుమక్క ఒకట్రెండు సార్లు, వినేకి ఇచ్చినాడా చూసేకి ఇచ్చినాడా అని దెప్పింది. నీకు తెలీదులే అన్నాడు. ఆయమ్మకు ఒళ్లు మండి, శుక్రవారం పూజలో దేవుళ్లతో పాటు ఆ డబ్బాకు గూడా ఒక కుంకంబొట్టు పెట్టి పువ్వు పెట్టింది. ఎగతాళికి పెట్టిందని ఆంజనప్పకు అర్థం కాలేదు. మంచి పని చేస్తివే అన్నాడు.

శనివారం పొద్దు నెత్తిమీదికొచ్చే యాళకు బోరన్న నడుచుకుంటా ప్లాంటు గేటు కాడికొచ్చినాడు. ఆదివారం తాలీము పెట్టుకొని మనిషికి ఇంట్లో కాలు నిలవలేదేమో. ఇద్దరూ రేకుల నీడన కూచున్నారు. పాడమని బోరన్న సైగ చేసినాడు. మొదటి పద్యం ఆంజనప్ప బాగా పాడినాడు, బోరన్న మోకాలి మీద తాళమేసినాడు. రెండోదాంట్లో రెండో పాదానికే తాళమేసే చెయ్యి ఆగిపోయింది. మూడోది వింటా వింటా బోరన్న ఆయప్ప మొకంలోకి తేరిపార చూసినాడు. అందులో సగం వేరే వేషం పద్యం, సగం ఏ నాటకంలోదీ కాదు.

ఇయర్‌ఫోన్ యాడుండాదని అడిగినాడు. ఇంట్లో భద్రంగా ఉండాదన్నా అని ఆంజనప్ప మొకం వెలిగిపోతా చెప్పినాడు. చూపించమన్నాడు బోరన్న. పక్కన కాపలావానికి చెప్పి ఇద్దరూ ఇంటికి నడిచినారు. ఆంజనప్ప కాళ్లు కడుక్కొని, గూట్లో డబ్బాను రెండు చేతులా తీసుకొచ్చి, మూత తీసి చూపించినాడు. చూడన్నా, ఎట్ల ఇస్తివో అట్లే ఉండాది అన్నాడు. బోరన్న వైరును చూడలేదు. మూత మీద కుంకంబొట్టును, వాడిన పువ్వును చూసినాడు. ఎంత సేపు చూసినాడో. తర్వాత ఆంజనప్ప ఎడమచెవి దగ్గరికి వంగి, ఉండే గుసగుసంతా కూడగట్టుకొని అన్నాడు.

"నా గొంతుకు పూజ చేస్తాండావా ఆంజనప్పా? నేనింకా సచ్చిపోలేదప్పా."

తలుపు పక్కన నిలబడిన హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన ఎగతాళి యాడికి పోయి తగిలిందో ఆయమ్మకు అప్పుడు తెలిసింది. గబగబా వచ్చి, తప్పు నాదన్నా అంటా ఆ బొట్టు కొంగుతో తుడిచేసింది. తప్పు యాడుండాదో ఆంజనప్పకు తెలుసు. తెగిపోతాదని కాదు భయం. విని గూడా పాడలేకపోతే ఆ ముసలి మేష్ట్రు మాటే నిజమైతాది కదా, అదీ భయం. డబ్బా మూసిపెట్టినంత కాలం ఆ సంగతి తేలకుండా ఉంటాది. ఎవురికీ చెప్పని ఆ మాట బోరన్నకు చెప్పేసినాడు.

బోరన్న వినినాడు. చుట్టలోనుంచి వైరును విప్పి, ఆంజనప్ప చొక్కా లోపల గుండా పైకి తీసి, ఎడమది చెవిలో పెట్టినాడు. కుడిదాన్ని ఊరికే వేలాడనియ్యకుండా కాలరుకు సర్దినాడు. ఫోను పైజేబులో పెట్టి, మెడ తిప్పినా లాగకుండా వైరు రోంత వదులుంచినాడు. ఇంక నడువు అని వీపు మీద తట్టినాడు.

ఆ మధ్యాన్నం నుంచి పొద్దుగూకేదాకా ఆంజనప్ప తన చేన్లో తిరుగుతానే ఉండాడు. ప్యానళ్ల వరస కొసదాకా ఒక పద్యం, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే పద్యం. తప్పు పోతే ఆపి, వెనక్కి పెట్టి, మళ్లీ వింటాడు. కాటప్ప గడ్డి మిషన్ నిలిపి చూసినాడు, చూస్తే చూడనీ అనుకున్నాడు. వైరు ఒకసారి కమ్మికి తగులుకుంది. పీకకుండా నిలబడి మెల్లగా విడిపించుకున్నాడు. నీళ్లు తాగేకి కూచున్నప్పుడు రెండు వేళ్లు ఎడంగా పెట్టి, హనుమక్క చుట్టినట్టే చుట్టి డబ్బాలో పెట్టి, లేచినాక మళ్లీ తీసినాడు. వేళ్లకు బిగించే అలవాటు పోలేదు, రెండుసార్లు బిగించి, తిట్టుకొని, విప్పి చుట్టినాడు. మూడో పద్యం ఆఖరి పాదంలో బోరన్న ఎత్తుకున్న రాగం మాత్రం ఎంత విన్నా పూర్తిగా చిక్కలేదు. పొద్దుగూకింది.

ఆదివారం పొద్దున మేష్ట్రు గురురాజ్ మోటర్‌సైకిల్ వెనక హార్మోనియం కట్టుకొని వచ్చినాడు. తాలీము బడి వరండాలో. వేషాలు కట్టేవాళ్లు, కట్టనోళ్లు, సగం ఊరు చేరింది. హనుమక్క ఆడోళ్లలో వెనక నిలబడింది. బోరన్నను ముందర కుర్చీలో కూచోబెట్టినారు. మేష్ట్రు శ్రుతి పట్టినాడు. ఆంజనప్ప ఎడమచెవి హార్మోనియం దిక్కు తిప్పి నిలబడినాడు.

మొదటిది పాడినాడు. రెండోది పాడినాడు. వరండాలో తల ఊపేవాళ్లు మొదలైనారు. మేష్ట్రు మొకంలో మాత్రం ఏమీ తెలీలేదు. మూడోది ఎత్తుకున్నాడు. మూడు పాదాలు బాగానే దాటినాడు. ఆఖరి పాదం కాడికొచ్చి, రాగం తియ్యాల్సిన చోట ఆంజనప్ప నోట మాట నిలబడిపోయింది. ఏమీ లేదు, చెవిలో నిలిచిన బోరన్న గొంతు గూడా వినపడలేదు. మేష్ట్రు మెట్టు మీద వేలు తియ్యకుండా పట్టుకొని, కనుబొమలెత్తి చూసినాడు. కాటప్ప మీసం మీదికి చెయ్యి పోయింది.

ఆంజనప్ప బోరన్న దిక్కు చూసినాడు. బోరన్న పెదాలు ఆడతాండాయి. మెడనరాలు ఉబ్బినాయి, కండ్లు మూసుకోనుండాడు, చెయ్యి గాల్లోకి లేచింది. గొంతులోనుంచి మాత్రం ఒక్క చప్పుడు లేదు. రాజు పద్యం పాడతాండాడు ఆ మనిషి, ఎవురికీ వినపడకుండా. ఎద పైకి లేచింది. అక్కడే, ఆ ఊపిరి కాడే, ఆంజనప్ప గూడా ఊపిరి పీల్చినాడు. బోరన్న నోరు తెరిచినాడు, ఆంజనప్ప గొంతు లేచింది. ఆ చెయ్యి యాడికి పోతే ఈ రాగం ఆడికి పోయింది. చెయ్యి దిగింది, రాగమూ దిగొచ్చి శ్రుతిలో కలిసింది.

మేష్ట్రు హార్మోనియం తిత్తి మూసి, కాటప్పా, ఈ తడవ నువ్వు మంత్రి వేషం కట్టప్పా అన్నాడు. కాటప్ప మీసం తడుముకొని, మంత్రికి గూడా మీసముంటాది కదా అని అడిగితే అందరూ నగినారు. హనుమక్క నగతా ఏడిసింది.

జనం పలచబడినాక ఆంజనప్ప జేబులోనుంచి డబ్బా తీసి బోరన్న చేతిలో పెట్టినాడు. ఒకసారి చెవిలో పెట్టుకొని చూసుకోన్నా, రెండు పక్కలా మోగతాండాది అన్నాడు. బోరన్న ఆ డబ్బాను తిరిగి ఆంజనప్ప జేబులోనే వేసినాడు. నాకెందుకన్నా, వేషం దొరికింది కదా అని ఆంజనప్ప తియ్యబోతే, ఆ చెయ్యి పట్టుకొని ఆపినాడు. ఎడమచెవి కాడికి వంగినాడు.

"రోజూ ఇది పెట్టుకొని, నా గొంతు నేనే వింటా పడుకుంటాంటి. ఇంక నాకెందుకప్పా ఇది? నువ్వుండావు కదా."

ఆ మూడోది ఇంకొకసారి పాడమన్నాడు బోరన్న. హార్మోనియం లేకుండానే, ఆ ఖాళీ వరండాలో, ఆంజనప్ప ఆయప్ప పక్కనే కూచోని పాడినాడు.